హెమటోక్రిట్ మామూలుగానే ఉంది, ఇనుము మాత్రం అడుగంటింది: టెస్టోస్టెరాన్ చికిత్సలో ఉన్న ఒక రోగి కేసు

ఈ రోగికి 48 ఏళ్లు. ఆయన అనుమతితో, ఆయనను గుర్తుపట్టే వివరాలు తీసేసి ఈ కేసును రాస్తున్నాను. ఆయన నా దగ్గరకు ఇనుము లోపమని రాలేదు. రెండు వారాలకొకసారి వేయించుకుంటున్న టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌ను పది రోజులకొకసారి వేయించుకోవచ్చా అని అడగడానికి వచ్చారు. "మొదటి వారం పర్వాలేదండీ, రెండో వారం వచ్చేసరికి మెట్లెక్కాలన్నా ఆయాసమే" అన్నారు. చేతిలో చిన్న నోటుపుస్తకం ఉంది. అందులో రెండేళ్లకు పైగా వచ్చిన హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం, అంకెలన్నీ తేదీలతో సహా రాసుకున్నారు, 50 దాటినవాటిని ఎర్ర సిరాతో రాశారు. ఒంట్లోని ఇనుము నిల్వలను చెప్పే ఫెరిటిన్ అన్న మాట ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అది ఆయన తప్పు కాదు, చికిత్స మొదలయ్యాక ఆ పరీక్షను ఎవరూ రాయలేదు.

రోగి నేపథ్యం

నాలుగేళ్ల కిందట, మెదడు అడుగున ఉండి ఇతర గ్రంథులను నడిపే పిట్యూటరీ గ్రంథిలో హార్మోన్లు స్రవించని కణితి బయటపడి శస్త్రచికిత్స జరిగింది. ఆ తర్వాత థైరాయిడ్, టెస్టోస్టెరాన్ రెండూ పడిపోయాయి. కార్టిసాల్ వ్యవస్థ నిలబడింది. వేర్వేరు రోజుల్లో ఉదయం పూట రెండుసార్లు చూసినా టెస్టోస్టెరాన్ డెసీలీటరుకు 120 నానోగ్రాములు దాటలేదు, కాబట్టి చికిత్స అవసరమన్న విషయంలో సందేహానికి తావు లేదు. అప్పటి పాత ఫైలు అదృష్టవశాత్తూ ఆయన దగ్గరే ఉంది. హిమోగ్లోబిన్ 12.4 గ్రాములు, ఎర్రకణం సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 88, ఫెరిటిన్ మిల్లీలీటరుకు 96 నానోగ్రాములు. టెస్టోస్టెరాన్ లేని పురుషుడిలో హిమోగ్లోబిన్ ఈ మాత్రం తగ్గడం సాధారణమే. ఇనుము నిల్వలు అప్పటికి బాగానే ఉన్నాయి.

టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ 250 మిల్లీగ్రాములు రెండు వారాలకొకసారి కండరంలోకి ఇవ్వడం మొదలుపెట్టారు. 4 నెలలకు హిమోగ్లోబిన్ 15.1కి, 11 నెలలకు 18.1కి చేరింది. అప్పటి హెమటోక్రిట్ 54.6 శాతం. ఈ దశలో మోతాదు తగ్గించవలసింది. అమెరికాలోని ఎండోక్రైన్ సొసైటీ 2018 మార్గదర్శకాలు కూడా హెమటోక్రిట్ 54 శాతం దాటితే టెస్టోస్టెరాన్ ఆపి, అది దిగాక తక్కువ మోతాదుతో తిరిగి ప్రారంభించమని, ఈలోగా నిద్రలో శ్వాస ఆగడం వంటి కారణాలను వెతకమని చెబుతాయి. అయితే ఆయన గతంలో చూపించుకున్న చోట మోతాదును ముట్టుకోకుండా రక్తం తీయించారు. 8 వారాలకొకసారి 450 మిల్లీలీటర్ల చొప్పున, 18 నెలల్లో 9 సార్లు. అంకె దిగినందుకు అందరూ సంతోషించారు, రోగితో సహా.

మిగతా మందులు: థైరాయిడ్ కోసం లెవోథైరాక్సిన్, మోకాలి నొప్పికి అప్పుడప్పుడు ఐబూప్రోఫెన్, దానివల్ల కడుపులో మంట రాకుండా రెండేళ్లుగా రోజూ పాంటోప్రజోల్. ఈ చివరిదాన్ని ఎందుకు వాడుతున్నారో ఆయనకూ సరిగా గుర్తులేదు.

రిపోర్టును చదివిన తీరు

ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నేనే కొన్ని ప్రశ్నలు అడిగాను. రాత్రి పడుకున్నాక కాళ్లు నిలవనివ్వడం లేదని, కదిపితేనో లేచి నాలుగు అడుగులు వేస్తేనో తప్ప ఆ బాధ పోదని చెప్పారు. నిద్ర సరిపోదు. చివరగా, కొంచెం సిగ్గుపడుతూ, రోజుకు రెండు మూడు ట్రేల ఐసు ముక్కలు నమిలేస్తున్నానని, దానివల్ల ఒక పన్ను అంచు విరిగిందని అన్నారు. ఐసు నమలాలనే ఈ తపన ఇనుము లోపానికి ఎంత పట్టి ఇచ్చే లక్షణమంటే, అది విన్నాక నాకు రక్తపరీక్ష కేవలం నిర్ధారణ కోసమే అనిపించింది. కానీ రోగి తనంతట తాను ఈ సంగతి చెప్పడు. మనమే అడగాలి.

వారం ముందు చేయించిన రక్త పరీక్ష ఆయన దగ్గర ఉంది. హిమోగ్లోబిన్ 14.6, హెమటోక్రిట్ 48.8 శాతం. రెండూ మామూలు పరిధిలోనే ఉన్నాయి, వాటి పక్కన ఏ గుర్తూ లేదు. ఆ రెండు వరుసల కింద మాత్రం కథ వేరుగా ఉంది. ఎర్రకణాల సంఖ్య మైక్రోలీటరుకు 66 లక్షలు, ఎంసీవీ 74, ఒక్కో కణంలోని హిమోగ్లోబిన్ 22 పికోగ్రాములు, కణాల పరిమాణంలో తేడాను చూపే ఆర్‌డీడబ్ల్యూ 19.2, ప్లేట్‌లెట్లు 4.3 లక్షలు. నేటి యంత్రాలు చాలావరకు హెమటోక్రిట్‌ను నేరుగా కొలవవు, కణాల సంఖ్యను కణం పరిమాణంతో గుణించి చెబుతాయి. 66 లక్షల చిన్న కణాలైనా, 55 లక్షల నిండు కణాలైనా అంకె దాదాపు ఒక్కటే వస్తుంది. టెస్టోస్టెరాన్ ఎర్రకణాలు తయారయ్యే ఎముక మజ్జను తరుముతూ ఉంటే, అది ఇనుము లేకపోయినా చిన్న చిన్న బోలు కణాలను ఎక్కువ సంఖ్యలో తయారుచేసి లెక్క సరిపెడుతుంది. అందుకే ఈ చికిత్సలో ఉన్నవారిలో హిమోగ్లోబిన్ బాగుందని ఇనుము కూడా ఉన్నట్టు భావించడం పొరపాటు.

అదే రిపోర్టు మీద ఎవరో పెన్సిలుతో 'థలసీమియా మైనర్?' అని, అంటే పుట్టుకతోనే ఎర్రకణాలు చిన్నవిగా ఉండే స్థితేమోనని, రాసి ఉంచారు. ఆ సందేహం రావడం సహజమే. ఎంసీవీని ఎర్రకణాల సంఖ్యతో, మిలియన్లలో, భాగించే మెంట్జర్ సూచీ 13 కంటే తక్కువైతే థలసీమియా వాహకత్వం వైపు, ఎక్కువైతే ఇనుము లోపం వైపు మొగ్గాలని విద్యార్థి దశలోనే నేర్చుకుంటాం. ఈయనకు అది 11.2. అయితే ఆ సూత్రం మజ్జను బయటి నుంచి ఏదీ ఉసిగొల్పని రోగుల కోసం పుట్టింది. టెస్టోస్టెరాన్ తీసుకునేవారిలో ఇనుము లేకున్నా కణాల సంఖ్య పెరుగుతుంది కనుక సూచీ తప్పుదారి పట్టిస్తుంది. థలసీమియా వాహకులలో పెరిగే హిమోగ్లోబిన్ ఎ2 పరీక్ష మామూలుగా వచ్చినా, ఇనుము లోపంలో అది కిందికి జారగలదు కాబట్టి దాన్ని బట్టి తేల్చలేం. తేల్చింది పాత ఫైలే. థలసీమియా పుట్టుకతో వచ్చేది, నాలుగేళ్ల కిందట ఎంసీవీ 88 ఉన్న మనిషికి ఇప్పుడు కొత్తగా రాదు.

నేను పంపిన పరీక్షల్లో ఫెరిటిన్ 7, సీరం ఐరన్ 28, ఇనుమును పట్టుకునే మొత్తం సామర్థ్యం 462, అంటే రక్తంలో ఇనుమును మోసే ట్రాన్స్‌ఫెరిన్ ఎంత నిండిందో చెప్పే సంతృప్తత 6 శాతం. వాపును సూచించే సీఆర్‌పీ మామూలుగానే ఉంది, కాబట్టి ఫెరిటిన్ అంకెను ఉన్నదున్నట్టు నమ్మవచ్చు. ఇంజెక్షన్ తర్వాత మూడో రోజు టెస్టోస్టెరాన్ 1380, పద్నాలుగో రోజు 310. మొదటి వారం హుషారుకు, రెండో వారం నీరసానికి ఈ ఎగుడుదిగుడు కొంతవరకు కారణమే. కానీ 310 దగ్గర మెట్లెక్కితే ఆయాసం రాదు, కాళ్లు గుంజవు.

ఒక పక్క మాట. మూడు నెలల చక్కెర సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చి, మధుమేహానికి ముందు దశ అని ఆయనకు ఎవరో చెప్పారు. ఇనుము లోపం ఆ అంకెను పైకి నెడుతుంది, తరచూ రక్తం తీయడం వల్ల లేత కణాలు పెరిగి అదే అంకె కిందికి వస్తుంది. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఆ పరీక్షకు అర్థం ఉండదు. పరగడుపు గ్లూకోజ్ చూసి ఆ విషయం పక్కన పెట్టాం.

ఇనుము ఎటు పోయింది

టెస్టోస్టెరాన్ కాలేయంలో తయారయ్యే హెప్సిడిన్‌ను అణచివేస్తుంది. హెప్సిడిన్ అంటే ఇనుము గోదాముకు తాళం వంటిది. అది తగ్గితే పేగు ఎక్కువ ఇనుము పీలుస్తుంది, నిల్వల్లో ఉన్నది బయటికి వస్తుంది, అదంతా మజ్జకు చేరుతుంది. మరోవైపు ఎర్రకణాల తయారీని పెంచే హార్మోన్ ఎరిత్రోపోయిటిన్ కూడా మొదటి నెలల్లో పెరుగుతుంది. ఒక్క చుక్క రక్తం తీయకపోయినా ఈ చికిత్సలో ఫెరిటిన్ దిగడానికి కారణం ఇదే. ఇనుము ఒంట్లోనే ఉంటుంది, గోదాములోంచి ఎర్రకణాల్లోకి మకాం మారుస్తుందంతే.

ఈయన విషయంలో కాగితం తీసుకుని లెక్క వేశాను. ఒక గ్రాము హిమోగ్లోబిన్‌లో 3.4 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. రక్తం 5 లీటర్లు అనుకుంటే, హిమోగ్లోబిన్ 12.4 నుంచి 18.1కి పెరగడానికే సుమారు 970 మిల్లీగ్రాములు కావాలి. ఫెరిటిన్ 96 అంటే, ఒక్కో నానోగ్రాముకు 8 మిల్లీగ్రాముల చొప్పున, నిల్వ దాదాపు 770. అంటే మొదటిసారి రక్తం తీసే నాటికే గోదాము దాదాపు ఖాళీ. ఆ తర్వాత 9 సార్లు, ఒక్కోసారి సుమారు 240 మిల్లీగ్రాముల చొప్పున, 2160 మిల్లీగ్రాములు శాశ్వతంగా బయటికి పోయాయి. ఆరోగ్యవంతుడు రోజుకు పీల్చుకునేది 1 నుంచి 2 మిల్లీగ్రాములు, పోగొట్టుకునేదీ అంతే. ఈయన శరీరం ఆ పైన రోజుకు మరో 2 మిల్లీగ్రాములు అదనంగా పీల్చుకుంటే తప్ప ఇప్పటి అంకెలు పొసగవు. హెప్సిడిన్ అణగిన పేగుకు అది సాధ్యమే. అంటే పేగు తన శక్తికి మించి పనిచేసినా, తీసే చేయి దానికంటే వేగంగా ఉంది. తీసిన ప్రతి సంచీలోనూ ఇనుము పోయింది, టెస్టోస్టెరాన్ మోతాదు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడే విషవలయం మొదలవుతుంది. ఇనుము లోపపు నీరసాన్ని టెస్టోస్టెరాన్ చాలని నీరసంగా రోగి భావిస్తాడు. మోతాదు పెంచమంటాడు. పెంచితే హెమటోక్రిట్ పెరుగుతుంది, మళ్లీ రక్తం తీస్తారు, ఇనుము ఇంకా పడిపోతుంది. పది రోజులకొక ఇంజెక్షన్ కోరికకు నేను ఒప్పుకుని ఉంటే ఆ వలయంలో నేనూ ఒక మెలిక వేసినవాడినే.

ఇతర కారణాల వెతుకులాట

లెక్క సరిపోయింది కదా అని ఊరుకోలేం. 48 ఏళ్ల పురుషుడిలో ఇనుము లోపం కనిపిస్తే జీర్ణవ్యవస్థలో రక్తస్రావం లేదని తేల్చుకోవాలి, అందులోనూ నొప్పి మాత్రలు వాడేవారిలో. పై, కింది ఎండోస్కోపీలు రెండూ చేయించాం, పేగు పోషకాలను సరిగా పీల్చకుండా చేసే సీలియాక్ వ్యాధి పరీక్ష కూడా. కడుపులో స్వల్ప ఎరుపు తప్ప ఏమీ దొరకలేదు. ఐబూప్రోఫెన్ మానేయించి, దాని కోసమే మొదలైన పాంటోప్రజోల్‌ను కూడా ఆపాను. ఆ మందు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, ఆమ్లం తగ్గితే ఆహారంలోని ఇనుము సరిగా కరగదు.

హెమటోక్రిట్ పెరగడానికి టెస్టోస్టెరాన్‌కు తోడుగా మరేదైనా ఉందా అన్నది రెండో ప్రశ్న. మజ్జ తనంతట తానే ఎర్రకణాలను అతిగా తయారుచేసే జబ్బును పట్టి ఇచ్చే జాక్2 జన్యు మార్పు లేదు, ఎరిత్రోపోయిటిన్ అణగిపోలేదు, పొగతాగే అలవాటు లేదు. మెడ లావుగా ఉండడం, గురక చూసి నిద్ర పరీక్ష చేయిస్తే గంటకు 24 సార్లు శ్వాసకు అంతరాయం కలుగుతున్నట్టు తేలింది. రాత్రంతా ఆక్సిజన్ పడిపోతూ ఉంటే మజ్జకు అది మరో కొరడా.

చికిత్స, నేను చేసిన పొరపాటు

రక్తం తీయడం ఆపించాను. ఇంజెక్షన్‌ను వారానికి 75 మిల్లీగ్రాములు, చర్మం కిందికి ఇచ్చే పద్ధతికి మార్చాను. మొత్తం మోతాదు నెలకు 500 చుట్టుపక్కల నుంచి 300 చుట్టుపక్కలకు దిగింది, శిఖరాలు కూడా తగ్గాయి. జెల్ కూడా ఒక దారే, దానితో హెమటోక్రిట్ పెరగడం ఇంజెక్షన్ల కంటే తక్కువ. రోజూ రాసుకోవడం కుదరదని ఆయన అన్నారు. ఇంతవరకు సరిగానే ఉంది.

అదే రోజు ఇనుము కూడా రాశాను, 65 మిల్లీగ్రాముల మూల ఇనుము ఉండే ఫెర్రస్ సల్ఫేట్ మాత్ర రోజూ ఒకటి. రెండు నిర్ణయాలూ సరైనవే, వాటి వరస మాత్రం తప్పు. పాత మోతాదు ప్రభావం మజ్జ మీద ఇంకా ఉంది, హెప్సిడిన్ ఇంకా అణగి ఉంది, ఆకలిగొన్న మజ్జ ముందు ఇనుము కుప్ప పోశాను. ఐసు తపన నాలుగు రోజుల్లో పోయింది. రెండో వారానికి కాళ్లు గుంజడం సగానికి సగం తగ్గింది. ఆయన ఫోన్ చేసి మరీ కృతజ్ఞత చెప్పారు. ఐదో వారం రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 17.2, హెమటోక్రిట్ 53.6, ఫెరిటిన్ 14. మింగిన ఇనుములో పీల్చుకున్నదంతా దాదాపుగా ఎర్రకణాల్లోకే పోయింది, గోదాముకు మిగిలింది చాలా తక్కువ.

ఆయన నోటుపుస్తకంలో మళ్లీ ఎర్ర సిరా పడింది. "మళ్లీ తీయించుకోనా డాక్టర్ గారూ?" అన్నారు. వద్దన్నాను. 54 దాటలేదు, తలనొప్పి, చూపు మసకబారడం వంటివేమీ లేవు, గతంలో రక్తం గడ్డకట్టిన చరిత్ర లేదు. తీస్తే ఐదు వారాల్లో పెట్టిన ఇనుములో సగానికి పైగా ఒక్క పూటలో పోతుంది. మాత్రలు ఆపి, తగ్గించిన టెస్టోస్టెరాన్ అలాగే ఉంచి, నిద్రలో శ్వాస ఆగకుండా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ యంత్రం మొదలుపెట్టి, రెండు వారాలకొకసారి రక్త పరీక్ష చేయిస్తూ వేచి చూశాం. ఎర్రకణం ఆయుష్షు 120 రోజులు, కాబట్టి తొందరపడి ప్రయోజనం లేదు.

14వ వారానికి హెమటోక్రిట్ 49.5కి, హిమోగ్లోబిన్ 16.0కి దిగాయి. ఈ మధ్యలో ఒక్క మాత్ర కూడా వేసుకోకుండానే ఫెరిటిన్ 14 నుంచి 34కు పెరిగింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే విలువైన అంకె ఇదే. అదనంగా ఉన్న ఎర్రకణాలు కాలం తీరి విరిగినప్పుడు వాటిలోని ఇనుము తిరిగి గోదాముకు చేరింది. హిమోగ్లోబిన్ 1.2 గ్రాములు దిగడమంటే సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము వెనక్కి రావడం. హెమటోక్రిట్ ఎక్కువగా, ఫెరిటిన్ తక్కువగా ఉన్న రోగిలో ఆ అదనపు రక్తమే ఇనుము నిధి. సిరంజితో తీస్తే అది పోతుంది, మోతాదు తగ్గించి ఆగితే దానంతట అదే తిరిగి వస్తుంది.

తర్వాతి నెలలు

అప్పుడు ఇనుమును తిరిగి మొదలుపెట్టాం, ఈసారి రోజు విడిచి రోజు ఒక మాత్ర. ఒక మోతాదు మింగాక హెప్సిడిన్ దాదాపు 24 గంటలపాటు పెరిగి ఉంటుంది, కాబట్టి మరుసటి రోజు వేసుకున్న మాత్రలో పీల్చుకునే పాళ్లు తగ్గుతాయి, కడుపునొప్పి, మలబద్ధకం మాత్రం తగ్గవు. లెవోథైరాక్సిన్‌కూ ఇనుముకూ మధ్య కనీసం 4 గంటల ఎడం పెట్టించాను, టీ, కాఫీ, కాల్షియం మాత్రలు ఆ వేళకు దగ్గరగా రాకుండా చూసుకోమన్నాను. ఆయనకు థైరాయిడ్ తగ్గడానికి మూలం పిట్యూటరీలో ఉంది గనుక పిట్యూటరీ నుంచి వచ్చే టీఎస్‌హెచ్‌ను చూసి లాభం లేదు, రక్తంలోని థైరాయిడ్ హార్మోన్‌ను నేరుగా కొలిచే ఫ్రీ టీ4 చూసే మోతాదు సరిగా అందుతోందని నిర్ధారించుకున్నాం.

సిరలోకి ఇచ్చే ఇనుము త్వరగా పనిచేస్తుంది కదా అని ఒక సహోద్యోగి అడిగారు. మాత్ర పడనివారికి, పేగు పీల్చనివారికి అది మంచి మందే. అయితే ఒకేసారి 1000 మిల్లీగ్రాములు లోపలికి వెళ్లాక, మజ్జ దాన్ని ఎలా ఖర్చుపెడుతుందో చూస్తూ కూర్చోవడం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు. 53.6 అంకెను ఒకసారి చూసినవాడిగా నాకు ఆపగలిగే మందే కావాలనిపించింది.

వారం మధ్యలో తీసిన టెస్టోస్టెరాన్ 520 దగ్గర నిలకడగా ఉంది. రెండో వారం నీరసం అన్న మాటే ఆయన నోట మళ్లీ రాలేదు. నాలుగు వారాలకొకసారి రక్త పరీక్ష చేయిస్తూ వచ్చాం. హెమటోక్రిట్ 52 దాటితే మాత్ర ఆపాలని ముందే అనుకున్నాం, ఆ అవసరం రాలేదు. 8వ నెలలో హిమోగ్లోబిన్ 15.8, హెమటోక్రిట్ 48.2, ఎంసీవీ 88, ఫెరిటిన్ 68, సంతృప్తత 24 శాతం. మొదటి రోజు 48.8 ఉన్న హెమటోక్రిట్‌కూ ఈ 48.2కూ కాగితం మీద తేడా లేదు, కణాల సంఖ్య మాత్రం 66 లక్షల నుంచి 55 లక్షలకు వచ్చింది. కాళ్ల బాధ ఇంకా వారానికి ఒకటి రెండు రాత్రులు ఉండడంతో, కాళ్లు నిలవనివ్వని ఆ జబ్బులో (రెస్ట్‌లెస్ లెగ్స్) ఫెరిటిన్ 75 దాటే వరకు ఇనుము ఇవ్వడం వాడుక కనుక మాత్రలు కొనసాగించాను. 11వ నెలలో 82 వచ్చింది, కాళ్లు నిమ్మళించాయి, మాత్రలు ఆపేశాం.

ఆ రోజు ఆయన ఒకటే అడిగారు, ఇప్పుడంతా బాగుంది కదా, ఏడాదికొకసారైనా రక్తదానం చేయవచ్చా అని. ఆయన నోటుపుస్తకం వెనక పేజీలోనే లెక్క రాసి చూపించాను. ఈ హిమోగ్లోబిన్‌తో 450 మిల్లీలీటర్లంటే 240 మిల్లీగ్రాముల ఇనుము, అంటే ఫెరిటిన్‌లో సుమారు 30. 82 లోంచి 30 తీస్తే 52, కాళ్ల బాధ మళ్లీ తలెత్తగల చోటు. మాత్రలు లేకుండా ఆరు నెలలు గడిచాక ఫెరిటిన్ ఎంత నిలబడుతుందో చూసి చెబుతానన్నాను, అంతవరకు వద్దన్నాను.